చారిత్రక సొట్ట

"ఆ సొట్ట మీద సుత్తి పడిందంటే నీ వీపు విమానం మోతే!" అని మెకానిక్‌ని అదిలించాడు కారు యజమాని.

పైకప్పు లేకుండా, నాలుగు చక్రాలూ బయటికే కనిపించే పాత రేసు కారు అది. కొని తెచ్చి షెడ్డులో భార్య నీలం కారు పక్కన నిలిపిన వారానికి, తోక దగ్గర అరచేతంత సొట్ట ఆయన కంటపడింది. అప్పట్నుంచీ ఎవరొచ్చినా ముందు దాన్నే చూపించేవాడు.

"అప్పటి మగాళ్ళకి బెల్టుల్లేవు, భయాల్లేవు. ఇదిగో సాక్ష్యం!"

ఆ మాట మొదలవగానే భార్య కాఫీ వంకతో లోపలికి తప్పుకునేది. విని విని విసుగెత్తిందనుకున్నారంతా.

ఈసారి ఏకంగా ఆ కారుని రేసుల్లో నడిపిన ముసలాయననే పిలిపించాడు.

"గురువుగారూ, ఈ సొట్ట ఏ రేసులోదండీ?"

ముసలాయన వంగి తడిమాడు. సొట్ట అంచున అంటిన నీలం రంగుని గోటితో గీకి చూశాడు.

"గుర్తొచ్చిందయ్యా. వెనకనించి నీలం బండి గుద్దింది. నడిపిన శాల్తీ ఒట్టి దద్దమ్మ. బ్రేకు ఎక్కడుంటుందో కూడా తెలీదు."

యజమాని కళ్ళు చెమర్చాయి. "విన్నావటే?" అన్నాడు భార్యతో.

కాఫీ ట్రేతో నిలబడ్డ ఆమె ముఖం జేవురించింది.

"నాకా బ్రేకు తెలీనిది? వేశానండీ! దాని తోక అంత పొడుగని నాకెవరు చెప్పారు?"

ముసలాయన తాపీగా కాఫీ అందుకున్నాడు.

"మా రోజుల్లోనూ గుద్దిన ప్రతివాడూ ఇదేమాట అనేవాడమ్మా."