దిబ్బ దాటిన బండి

ఓటెంగ్‌ని చొక్కా విప్పమన్నారు. తీర్పు ఇంకా రాలేదు. కానీ ఆ ఊరి ముసలాళ్లకు తొందర ఎక్కువ.

ఊరి పంచాయితీ జరిగే ఖోట్లా ఆ పొద్దు కిటకిటలాడుతోంది. ఎవరి కుర్చీ వాళ్లే మోసుకొచ్చుకున్నారు. అందరికీ ఎదురుగా ఖోసీ, అంటే ఊరిపెద్ద, మాలెబోఖో కూర్చుంది. ఆ పీఠం మీద ఆడమనిషి కూర్చోవడం ఊళ్లో ఇదే మొదలు. ఆవిడ విచారిస్తున్న మొదటి దొంగతనమూ ఇదే. నడుం పట్టేసినట్టుంది, కింద దిండు వేయించుకుంది.

"మీ ఆవు ఈనిందా అమ్మా?" పక్కనున్నావిడ గుసగుసగా అడిగింది.

"ఈనింది. నల్ల పెయ్య. తల్లీపిల్లా బాగున్నారు" అంది మాలెబోఖో. వారం రోజులుగా ఆ ఆవు మీదే ఆవిడ దిగులంతా. పశువుల మంద ఎర్రదిబ్బకు అవతల ఉంటుంది మరి.

పోయిన సొత్తు ఒక కారు. పోగొట్టుకున్నవాడు ఇంజనీరు ఫెన్యో. రాజధానిలో ఒక షెడ్డులో నలుగురు కుర్రాళ్లతో కలిసి దాన్ని తయారుచేశాడు. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండి. మన కలహారి ఇసుకకు మన బండే ఉండాలని అతని పట్టుదల. పరీక్షించి చూడ్డానికి ఈ ఊరికి తెచ్చారు. అది రాళ్లెక్కింది, బురద దాటింది. ఊరి వెనక ఎర్రదిబ్బ దగ్గర మాత్రం రోజూ కడుపు దాకా కూరుకుపోయేది. గాడిదల్ని కట్టి లాగడం ఊళ్లో వాళ్లకు సరదా అయిపోయింది. ఈ నెలాఖరుకు దిబ్బ ఎక్కకపోతే షెడ్డు మూసెయ్యమని పైవాళ్లు చెప్పేశారు కూడా.

నిన్న ఫెన్యో బృందం తాళంచెవి బండికే వదిలేసి, ఊళ్లో పెళ్లివిందులో మాంసం మీద ధ్యాసలో ఉండగా ఆ బండి మాయమైంది. తెల్లారేసరికి, దిబ్బ దిగగానే వచ్చే ఓటెంగ్ ఇంటి కంచె పక్కన నిలబడి ఉంది. తాళంచెవి లేదు.

"జాడ ఎవరి వాకిట్లో ఆగితే నేరం ఆ ఇంటిది" అన్నాడు పెద్దాయన కెబోనాంగ్. "మన తాతల నాటి నుంచీ పశువుల దొంగల్ని ఇలాగే పట్టాం. కొట్టండి."

"నాకు గేరంటే ఏంటో కూడా తెలీదు తాతా" అన్నాడు ఓటెంగ్.

"మరి దిగినవాడి అడుగులేవిరా? మీ అమ్మ పొద్దున్నే ఊడ్చేసింది."

"రోజూ ఊడుస్తానయ్యా" అంది తల్లి ఏడుస్తూ. "మీ ఇంట్లో ఊడవరా?"

"ఊడుస్తారు. కానీ మా వాకిట్లో దొంగ కార్లుండవు."

ఓటెంగ్ వీపు ఎండలో మెరుస్తోంది. అటు చూసినప్పుడల్లా మాలెబోఖోకు గుండెల్లో ముల్లు గుచ్చుకున్నట్టవుతోంది.

"ఆ పద్ధతి ఆవుల కాలంలో పెట్టింది బాబాయ్" అంది. "కారుని ఎవడైనా ఎవరింటి ముందైనా వదిలేసి పోవచ్చు. బళ్లు మారాయి, దొంగతనాలు మారాయి. ఈ బెత్తం ఒక్కటే మారనంటే ఎలా?"

"ఆ బెత్తం తిన్నాం కాబట్టే మేమిలా నిటారుగా ఉన్నాం."

"ఏదీ, చేతికర్ర లేకుండా ఓసారి లేచి నిలబడు చూద్దాం."

ఖోట్లా అంతా గొల్లుమంది. కెబోనాంగ్‌కు ఒళ్లు మండింది.

"నీ పెనిమిటి నిన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఇదే దిబ్బల్లో పశువుల లారీ నడిపినవాడు. ఆయనే ఉంటేనా, ఆ చక్రాల జాడ చూసి దొంగెవరో ఇట్టే చెప్పేసేవాడు."

"చెప్పేసేవాడే" అని ఒప్పుకుంది మాలెబోఖో. తలగుడ్డ సర్దుకుని ఇంజనీరు వైపు తిరిగింది. "నీకేం నష్టం జరిగింది నాయనా?"

ఫెన్యో బుర్ర గోక్కున్నాడు. "నిజం చెప్పాలంటే బండికి గీత కూడా పడలేదమ్మా. అదీకాక, దాని జాడ దిబ్బ ఎక్కి, అటు దిగి, మళ్లీ ఎక్కి ఇటొచ్చింది. మావల్ల కానిది దొంగ చేసి చూపించాడు. నాకు వాడి వీపెందుకు, వాడి చేతులు కావాలి గానీ."

"అంటే వదిలేస్తావా? నలుగురూ వినేలా చెప్పు."

"వదిలేస్తాను. మాకు ఆ విద్య నేర్పితే చాలు."

"బెత్తం వద్దు?"

"వద్దు."

"జైలు?"

"వద్దమ్మా."

"ఉద్యోగం ఉన్న మనిషయితే? అది ఊడగొట్టించవు కదా?"

అందరూ ఓ పక్కన నిలబడ్డ ఊరి కానిస్టేబులు వైపు చూశారు. ఆయన గబుక్కున టోపీ సర్దుకున్నాడు.

"ఊడగొట్టించను" అన్నాడు ఫెన్యో.

మాలెబోఖో ఒక్కొక్క పెద్దనూ అడిగింది. ఒక్కొక్కరే సరేనన్నారు. కెబోనాంగ్ చాలాసేపు గొణిగాడు.

"దొంగ ఇక్కడే, అందరి ముందూ ఒప్పుకోవాలి. అలా అయితే సరే" అన్నాడు చివరికి.

"తర్వాత మాట మార్చవు కదా బాబాయ్?"

"ఖోట్లాలో ఒప్పుకున్న మాట వెనక్కి తీసుకున్నవాడెవడైనా ఉన్నాడా ఈ ఊళ్లో?"

మాట కుదిరినందుకు జనమంతా "పులా", అంటే వాన కురవాలి, అని కేకలు పెట్టారు. ఓటెంగ్ చొక్కా వేసుకున్నాడు. వాళ్లమ్మ ముక్కు తుడుచుకుంది. తప్పు చేసినవాడు ముందుకొస్తాడేమోనని అందరూ ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. ఎవరూ కదల్లేదు.

ఇంక మిగిలింది ఖోసీ మాటే. అందరూ మాట్లాడాకే ఖోసీ మాట్లాడాలి, అది ఖోట్లా ఆచారం.

మాలెబోఖో నడుం పట్టుకుని మెల్లిగా లేచి, తలగుడ్డ ముడి విప్పి, అందులోంచి బండి తాళంచెవి తీసి ఇంజనీరు అరచేతిలో పెట్టి, "పాఠం రేప్పొద్దున్నే మొదలుపెడదాం నాయనా, దూడని ఇంకోసారి చూసొచ్చినట్టూ ఉంటుంది" అంది.