నూకరాజు గురక

"నాను కాదు బావా! ఒట్టు! ఒక్క మాట ఇను!"

వెనక నుంచి గోవిందరావు అరుస్తున్నా నూకరాజు ఆగలేదు. రైల్వే వర్క్‌షాపు గేటు దాటి, ఆ భారీ ఒళ్ళు ఈడ్చుకుంటూ న్యూ సెటిల్‌మెంట్ కాలనీలో తన క్వార్టరు చేరేసరికి ఎగశ్వాస. అంతకు రెట్టింపు కోపం.

"క్రేను మీంచి దించేసినారే," అన్నాడు భార్య పోలమ్మతో, గుమ్మంలోనే కూలబడి. "రేపట్నించి టూల్‌రూమ్‌లో స్పానర్లు అందించుకోవాలట. డ్యూటీలో తూగుతున్నానని ఎవుడో ఫోర్‌మన్ సెవిలో ఊదినాడు."

ఎవరో అని పైకి అన్నాడు గానీ, మనసులో ఉన్నది గోవిందరావే. బాయిలర్ షాపులో నూకరాజు పైన క్రేను నడిపితే, కింద గొలుసులు తగిలించి చేతి సైగలు చేసేవాడు అతనే. పోలమ్మకు స్వయానా అన్న. ఆ చెయ్యి ఎత్తమంటే ఎత్తుతూ, దించమంటే దించుతూ ఏళ్ళు గడిచాయి. కిందటి వారం మాత్రం, బాయిలర్ గాలిలో ఉండగానే నూకరాజు కళ్ళు మూతలు పడ్డాయి. గోవిందరావు గావుకేక పెడితే ఉలిక్కిపడి లేచాడు. అదృష్టం బాగుండి ఎవరికీ ఏమీ కాలేదు. ఆ సంగతి నూకరాజు ఇంట్లో కూడా చెప్పలేదు. చూసినవాడు గోవిందరావు ఒక్కడే.

"ఎవుడో నాకు తెలుసు మావా," అంది పోలమ్మ నెమ్మదిగా. "ఫోర్‌మన్ రిచర్డ్ దొరగారింట్లో పచ్చడి ఇయ్యడానికెల్తే దొరసాని సెప్పింది. మా అన్నే."

అనుమానపడిందే అయినా, ఆమె నోట వినేసరికి నూకరాజుకు ఇక సందేహం లేకపోయింది. తండ్రి లేని చెల్లెలికి తానే తండ్రిలా నిలబడి పెళ్ళిపీటల మీద తన కాళ్ళు కడిగినవాడు, తన ఇంట్లో తిన్నవాడు, వెన్నుపోటు పొడిచాడు! శత్రువు చేస్తే సరే అనుకోవచ్చు. ఇది ఎలా మింగడం?

మర్నాడు పోలమ్మ వెంటబెట్టుకెళ్తే, రైల్వే ఆసుపత్రిలో బెంగాలీ డాక్టరు నూకరాజు మెడ కొలిచి, రాత్రిళ్ళు ఎలా పడుకుంటాడని పోలమ్మను అడిగాడు.

"గురక పెట్టి పెట్టి సటుక్కున ఆగిపోద్ది బాబూ. ఊపిరే ఉండదు. నాను గుండెల మీద సెయ్యేసి కూకుంటాను. కుదిపితే అప్పుడు ఒక్క ఊపున లాగుతాడు."

డాక్టరు హిందీలో విడమరిచి చెప్పాడు. "మెడ చుట్టూ కొవ్వు పేరుకుంది. పడుకోగానే గొంతు మూసుకుపోతోంది. ఊపిరి ఆగినప్పుడల్లా ఒళ్ళు ఉలిక్కిపడి లేస్తుంది, ఆ సంగతి అతనికే తెలియదు. రాత్రంతా పడుకున్నా నిద్రపోయినట్టు కాదు. అందుకే పగలు తూగు. దీనికి మందు లేదు. ఒళ్ళు తగ్గితే గొంతులో దారి దొరుకుతుంది. తగ్గకపోతే ఏదో ఒక రాత్రి..." అని పోలమ్మ మొహం చూసి ఆగిపోయాడు.

"తగ్గితే క్రేను ఇస్తారా దాదా?" నూకరాజుకు కావలసింది అదొక్కటే.

"పరీక్ష చేస్తాను. ఠీక్ ఉంటే రాస్తాను."

ఆ సాయంత్రమే నడక మొదలైంది. ఊరవతల హిజ్లీ దాకా వెళ్ళి రావడం. కాలేజీ కుర్రాళ్ళు సైకిళ్ళ మీద గంట కొట్టుకుంటూ పక్కనుంచి పోతుంటే, చెమటలు కక్కుతూ గోవిందరావును తిట్టుకుంటూ నడిచేవాడు. దారిలో పూరీ గేట్ దగ్గరి మిఠాయి కొట్టు వంక చూడడం మానేశాడు. మధ్యాహ్నం పోలమ్మ గేటు దగ్గరికి తెచ్చే కేరియర్‌లో అన్నం తగ్గి ఆనపకాయ కూర పెరిగింది.

వానపడిన ఒక సాయంత్రం మంచం మీద వాలిపోయాడు. "కాళ్ళు పీకుతున్నాయే. ఇయాల వొద్దు."

"తొంగో మావా," అంది పోలమ్మ. "ఆ బస్తా ఇంక క్రేనెక్కదని మా అన్న బజార్లో అంటన్నాడట."

నూకరాజు గొడుగు కూడా తీసుకోకుండా బయలుదేరాడు.

దసరాకు గోవిందరావు చెల్లెలికి చీర పట్టుకొచ్చాడు. నూకరాజు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఫోర్‌మన్‌కి సెప్పినావా నేదా? నిజం సెప్పు!"

గోవిందరావు చెల్లెలి వంక ఒకసారి చూసి తల దించుకున్నాడు. "సెప్పినాను బావా."

"సీర పట్టుకెల్లిపో అన్నా," అంది పోలమ్మ. "మళ్ళీ ఈ గుమ్మం తొక్కకు."

గోవిందరావు చీర చంకలో పెట్టుకున్నాడు. పోబోతూ, "బాగా సిక్కినావు బావా," అన్నాడు. ఎంత వెటకారం! నూకరాజు పళ్ళు నూరాడు. తన కోసం పుట్టింటినే వదులుకుంది పోలమ్మ. ఆ పూట కూరలో ఉప్పు వెయ్యడం మరిచిపోయినా ఆమెను ఏమీ అనలేదు.

చలికాలం పోయేసరికి చొక్కాలు వదులయ్యాయి. గురక సన్నగిల్లింది, ఊపిరి ఆగడం పోయింది. పొద్దున్నే తల తేలిగ్గా ఉండేది. పోలమ్మ కూడా పక్కన ఒళ్ళు తెలియకుండా నిద్రపోయేది. డాక్టరు పరీక్షించి, భుజం తట్టి, క్రేనుకు రాసేశాడు.

మళ్ళీ క్రేను ఎక్కిన మొదటి పూట పని అయ్యాక, నిచ్చెన దిగుతూనే నూకరాజు ఫోర్‌మన్ రిచర్డ్ దగ్గర కడుపులోదంతా కక్కేశాడు.

"ఆ గోవిందరావు మాటిని నన్ను దించేసినారు సాబ్. ఇప్పుడు సూడండి!"

"గోవిందరావా?" రిచర్డ్ తెల్లబోయాడు. "పిలిచి గట్టిగా అడిగితే, నువ్వు ఎన్నడూ తూగలేదని ఒట్టేసి మరీ అబద్ధమాడాడు. నీ బదులు తనను టూల్‌రూమ్‌కి పంపమని బతిమాలాడు."



"మరెవుడు సాబ్?"

"చెప్పొద్దన్నారు. కానీ వాడి మీద నింద ఎందుకుండాలి? వాడు భయపడి చెప్పుకుంటే విన్నారట. తిట్టొద్దు, జీతం కొయ్యొద్దు, క్రేను మీంచి మాత్రం దించెయ్యండి అని మా ఇంటికొచ్చి ఏడ్చారు."

మధ్యాహ్నం హూటర్ మోగింది. గేటు బయట ఆడవాళ్ళు కేరియర్లు పట్టుకుని నిలబడ్డారు. రిచర్డ్ వాళ్ళలో ఒకరి వైపు వేలు చూపించాడు.

పోలమ్మ నవ్వుతూ చెయ్యి ఊపింది.