వెనకాలే వచ్చిన కారు

"ఆ బూడిదరంగు కారు ఇంకా వెనకాలే ఉంది," అన్నాడు బెర్నార్డ్ ఎచెవెర్రీ, ట్రక్కు అద్దంలోంచి చూపు తిప్పకుండా.

"రోడ్డు నీ ఒక్కడిదేనా? వాళ్లూ ఎక్కడికో పోతుంటారు," అంది పక్కనున్న భార్య నడీన్.

"రీనోలో తుపాకుల కొట్టు బయట ఆగి ఉంది. మనం కదలగానే కదిలింది. నేను స్పీడు తగ్గిస్తే వాడూ తగ్గిస్తున్నాడు. మఫ్టీలో ఉన్న మన కాలిఫోర్నియా సర్కారు మనిషే, రాసిపెట్టుకో."

నడీన్ వెనక్కి తిరగబోయింది.

"చూడకు!" అని కసిరాడు.

వెనక సీట్లో పాత దుప్పటి మీద గొర్రెల కుక్క పడుకుని ఉంది. దుప్పటి కింద నాలుగు తూటాల పెట్టెలున్నాయి. నెవాడాలో ఉన్నంతసేపూ అవి ఒట్టి తూటాలే. ఇంకో పది మైళ్లలో కాలిఫోర్నియా సరిహద్దు గీత దాటగానే నేరమై కూర్చుంటాయి. పై రాష్ట్రంలో కొని తెచ్చుకోకూడదు, సొంత ఊళ్లోనే, అదీ సర్కారు కంప్యూటర్ పేరు సరిచూసి ఒప్పుకుంటేనే కొనాలి. ఆ కంప్యూటరేమో లైసెన్సులో ఇంటిపేరుకి ఒక అక్షరం ఎక్కువుందని బెర్నార్డ్‌ని మూడుసార్లు పొమ్మంది. అవతల గొర్రెలు ఈనుతున్నాయి. కొయోట్లు, ఆ అడవి తోడేళ్లు, వారంలో పదకొండు గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోయాయి. వాటికి అక్షరాల గొడవ పట్టదు కదా!

ఒళ్లు మండి ఆ చట్టం మీద కోర్టుకెక్కాడు బెర్నార్డ్. నాలుగు జిల్లాల రైతులూ వేటగాళ్లూ అతని వెనక నిలబడ్డారు. గురువారమే విచారణ. లాయరమ్మ చెప్పింది ఒకటే మాట: "తీర్పు వచ్చేదాకా ఎర్రలైటు కూడా దాటకండి. మీరు దొరికితే కేసు పోయినట్టే."

"ఇప్పుడైనా బయట పారేద్దామా?" నడీన్ గొంతు తగ్గించి అడిగింది.

"వాడు చూస్తుండగానా? నీ తెలివి తెల్లారినట్టే ఉంది."

"నీకు తెలివుంటే కేసు వేసినవాడివి నువ్వే ఎందుకొస్తావ్? మా తమ్ముణ్ణి పంపమన్నానా లేదా?"

"మీ తమ్ముడా! ఈపాటికి ఊరంతా టముకు వేసేవాడు."

సరిహద్దులో, బయటి పళ్లూ మొక్కలూ రాష్ట్రంలోకి రాకుండా చూసే తనిఖీ దగ్గర ట్రక్కు ఆగింది. యూనిఫాం వేసుకున్న అమ్మాయి కిటికీలోకి వంగింది.

"పళ్లూ మొక్కలూ ఏమైనా ఉన్నాయా అండీ?"

"రెండు నారింజలు," అని నడీన్ సంచీలోంచి తీసి ఇచ్చేసింది.

ఆ అమ్మాయి కళ్లు వెనక సీటు మీద పడ్డాయి. "కుక్క భలే ఉందే. నిమరనా?"

"కరుస్తుంది!" మొగుడూ పెళ్లాం ఒకేసారి అన్నారు.

ఆ అమ్మాయి నవ్వి, వెళ్లమని చెయ్యి ఊపింది. బెర్నార్డ్‌కి పోయిన ప్రాణం లేచొచ్చింది. అద్దంలో చూస్తే బూడిదరంగు కారు కూడా తనిఖీ దాటి వస్తోంది.

"అర్థమైందా? అక్కడే పట్టించొచ్చు, పట్టించలేదు. గీత దాటేదాకా ఆగాడు, దొంగ సచ్చినోడు! ఇప్పుడు నేరం పూర్తయింది."

ఇక తట్టుకోలేక పెట్రోలు బంకులో ఆపేశాడు. కారు వచ్చి పక్కనే ఆగింది. నలభై ఏళ్ల మనిషి, నెత్తిన టోపీ, దిగి నేరుగా వచ్చాడు.

"ఎచెవెర్రీ గారే కదండీ? తూటాల చట్టం మీద కేసు వేసింది మీరే కదా?"

"నువ్వెవరు?"

ఆ మనిషి జేబులోంచి కార్డు తీసి చూపించాడు. రాష్ట్రప్రభుత్వ ముద్ర. ఆయుధాల శాఖ, ఇన్‌స్పెక్టర్.

అంతమంది పెట్టుకున్న నమ్మకాన్ని తన చేతులతో తనే తగలబెట్టుకున్నందుకు బెర్నార్డ్ తల సిగ్గుతో వంగిపోయింది.

నడీన్ ఒక్క ఉదుటున ట్రక్కు దిగింది. "అవి నావి బాబూ. కొన్నది నేను. ఆయనకేం తెలియదు, నన్ను తీసుకుపో."

"ఊరుకో నడీన్. దుప్పటి కిందున్నాయి, తీసుకోవయ్యా. నా పేరే రాసుకో."

ఆ మనిషి కంగారుగా అటూ ఇటూ చూసి కార్డు జేబులో పెట్టుకున్నాడు.

"అయ్యో, గట్టిగా అనకండి సార్! గురువారం మీరు గెలిచి తీరాలి. మా కంప్యూటర్ నన్నూ పొమ్మంది. ముందు తనిఖీలో మీరు దొరికిపోతే నేను వెనక్కి తిరిగిపోవచ్చని కొట్టు దగ్గర్నుంచీ మీ వెనకాలే వచ్చాను, నా డిక్కీలోనూ ఎనిమిది తూటాల పెట్టెలున్నాయి."