బ్రాకెట్లో పద్దెనిమిది

ఆకుపచ్చ గుడ్డ పరిచిన పరీక్ష బల్ల మీంచి చీటీ తీశాను. రాగి. నా ఖర్మ కాకపోతే, ఇన్ని మూలకాలుండగా రాగే రావాలా?

"కాలు ఊపకు యోర్న్, బల్ల కదిలిపోతోంది," అంది మా కెమిస్ట్రీ టీచర్ టోవే.

బోర్డు మీద గబగబా ఎలక్ట్రాన్లు పేర్చాను: [Ar] 3d⁹ 4s². వెంటనే చెరిపేశాను. రాగి అందరి దారిలో నడవదు. [Ar] 3d¹⁰ 4s¹.

బయటి ఊరి నుంచి వచ్చిన పరీక్షాధికారి కళ్ళజోడు పైకి నెట్టాడు. "ఆ బ్రాకెట్లో ఏముంది?"

"ఆర్గాన్ అనే జడవాయువు లెక్కండీ. లోపలి పద్దెనిమిది ఎలక్ట్రాన్లు. ప్రతిసారీ మొదట్నుంచీ రాయక్కర్లేదు."

"అంటే అవి లేనట్టేనా?"

"ఉన్నాయండీ. కానీ ముందు కదిలేది బయటున్న ఆ ఒక్కటే."

వాళ్ళిద్దరూ తలలు దగ్గర పెట్టి గుసగుసలాడుకున్నారు. నా మోకాలు మళ్ళీ ఊగడం మొదలెట్టింది.

"పన్నెండు," అంది టోవే. మా దేశంలో అంతకు మించిన మార్కు లేదు.

"రాగితో ఇంత పరిచయం ఎక్కడిదయ్యా నీకు?" ఆయన నవ్వుతూ అడిగాడు.

నేను బోర్డు తుడవడం మొదలెట్టాను.

"అదీ బ్రాకెట్లోనే ఉందండీ. మళ్ళీ రాయక్కర్లేదు," అంది టోవే.

బయట వార్డెన్ తాళం తీస్తున్న చప్పుడైంది. రైలుమార్గం వెంట రాగి తీగలు కోసినందుకు పడ్డ శిక్షలో నాకింకా ఏడు నెలలున్నాయి.