టిక్కుమనే దాకా

“మొత్తం వదలకు బిడ్డా. టిక్కుమనే దాకా వదులు, మళ్ల నొక్కు.”

హరీష్ చేతిలో ఉన్నది ఖాళీ పిస్తోలు. హెడ్ కానిస్టేబుల్ ఉపేందర్ వాడిచేత ట్రిగ్గర్ నొక్కిపట్టించి, పైభాగాన్ని తనే వెనక్కి లాగి వదిలాడు. వాడి వేలు మెల్లగా ముందుకొచ్చింది. టిక్కుమంది.

“రివాల్వర్‌తోని గిట్ల కాదు గద కాకా?”

“రివాల్వర్ ముసలెద్దు. ప్రతిసారి మొత్తం వదిలి, మళ్ల మొదటి నుంచి గుంజాలె. దీన్ని అట్ల వదిలినవనుకో, వేలు ఎగిరొచ్చి తన్నుతది, మూతి కిందికి వంగుతది, తూటా మన్ను తింటది.”

వరంగల్ శివారు ఫైరింగ్ రేంజ్‌లో అది ఏడాదికోసారి జరిగే పరీక్ష. పోటీదారుకు ఇంత ప్రేమగా పాఠం చెప్పే పిచ్చివాడు కాదు ఉపేందర్. పదకొండేళ్లుగా అతను మాజీ చైర్మన్ లింగమూర్తికి గన్‌మన్. ఇన్నేళ్లలో తుపాకి బయటికి తీసింది లేదు. మోసినవి మాత్రం చాలా ఉన్నాయి: చైర్మన్ భార్య ఇందిరమ్మగారి జాకెట్లు టైలర్ దగ్గరికి, చుట్టాల సూట్‌కేసులు కాజీపేట స్టేషన్‌కి. పొద్దున్నే కుక్క వెనక కాగితం పట్టుకుని నడవడం అదనం. బదిలీ అడిగిన ప్రతిసారీ చైర్మన్ ఒక్క ఫోన్ కొట్టి ఆపేసేవాడు.

మిగిలింది ఒకటే దారి. పది తూటాల్లో ఆరు తగలకపోతే గన్‌మన్ డ్యూటీకి పనికిరాడని రాసేస్తారు. అక్కడ ఏ ఫోనూ పనిచేయదు. జాబితాలో తర్వాతి పేరు హరీష్‌ది. వాడు గట్టెక్కాలి, తను తప్పాలి.

“డ్యూటీ ఎట్లుంటది కాకా?”

“రాజభోగం. కార్ల ముందు సీటు. ఏ పెండ్లికి పోయినా మొదటి బంతి మనదే.”

“కుక్క ఉన్నదట గద?”

“బంగారమసొంటి కుక్క.”

“కరుస్తదట.”

“కొత్తోళ్లనే.”

“నాకంత అదృష్టమా,” అన్నాడు హరీష్ బుద్ధిగా.

పరీక్ష పెడుతున్న ఆర్ఎస్ఐ తేజస్విని విజిల్ ఊదింది. ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. ఎవరి గురిబొమ్మ వాళ్లకు ఎదురుగా ఉంది. ఉపేందర్ తన బొమ్మ తల పైనుంచి వెనకున్న ఇసుక గట్టుకు గురిపెట్టాడు. ప్రతిసారీ ట్రిగ్గర్ మొత్తం వదిలాడు, మొరటుగా గుంజాడు. పదికి పదీ మన్ను తిన్నాయి. పక్కన హరీష్ పిస్తోలు మాత్రం తాళం వేసినట్టు మోగింది. నేర్చుకున్నాడు వెధవ, అనుకుని మురిసిపోయాడు. రేపు కుక్క గొలుసు ఏ చేత్తో అప్పగించాలో కూడా ఆలోచించుకున్నాడు.

తేజస్విని ఉపేందర్ బొమ్మ పట్టుకుని నవ్వుతూ వచ్చింది.

“పదికి పది, ఉపేందర్ గారూ. అన్నీ రూపాయి బిళ్లంత జాగాల. చైర్మన్ సారు మీరే కావాలని ఊకెనే పట్టుబడ్తలేడు. ఇంకో ఏడాది మీరే.”

ఉపేందర్ బొమ్మ లాక్కుని చూశాడు. “మేడమ్, నేను ఇసుకల కొట్టిన.”

“అంత అణకువ పనికిరాదు,” అని సంతకం పెట్టేసింది.

హరీష్ పిస్తోలు తుడుచుకుంటున్నాడు, తల ఎత్తకుండా.

“నువ్వు చెప్పినట్టే చేసిన కాకా. టిక్కుమనే దాకనే వదిలిన.”

ఉపేందర్ హరీష్ బొమ్మ వైపు చూశాడు.

దాని మీద ఒక్క చిల్లూ లేదు.