ఆగిన లారీలు

సరుకు ఆగకుండా కదిలితే దేశం బాగుపడుతుందని, జీఎస్టీ రాగానే సాలూరు శివార్లలోని పన్నుల చెక్‌పోస్టు ఎత్తేశారు. అక్కడ గంటలకొద్దీ నిలబడే లారీలు ఆగడం మానేశాయి. పక్కనే ఉన్న యమున ఇడ్లీ బడ్డీకి బేరం పోయింది.

మొగుడు అప్పలసూరి రోజూ రోడ్డు మధ్యకెళ్లి, టిఫినుకి రండంటూ తువ్వాలు ఊపేవాడు. లారీలు హారన్ కొట్టి దూసుకుపోయేవి.

ఇవాళ పొద్దున్న మాత్రం మైలు పొడవునా ఆగిపోయాయి. యమున చెయ్యి ఖాళీ లేకుండా ఇడ్లీలు పెడుతోంది.

"ఏటక్కా, మళ్లీ సెక్‌పోస్టు ఎట్టీసినారేటి?" ఓ డ్రైవరు నవ్వుతూ అడిగాడు.

"నేదు బాబూ, యాక్సిడెంటు. పోలీసులొచ్చీదాకా శవాన్ని తియ్యకూడదంట."

"అయ్యో, ఎవులు?"

"మా ఆయనే. సట్నీ ఇంకొంచెం ఎయ్యమంటావా?"