టోపీ అందినట్టు

హోంశాఖ మెట్ల దగ్గర టైపు కొట్టే ఎలియోదోరో చేత ఈ అర్జీ రాయిస్తున్నాను. నా కొడుకు సతుర్నీనోను పోలీసులు పట్టుకుపోయి తొమ్మిదేళ్లయింది.

వాడెక్కడని అడిగితే పోలీసు విభాగం నన్ను జైళ్ల విభాగానికి తోలింది. జైళ్లవాళ్లు వలసల విభాగానికి తోలారు.

"సరిహద్దు దాటేసుంటాడులే, అవ్వా!" అన్నాడు అక్కడి గుమాస్తా.

"నెత్తిన టోపీ లేకుండా మావాడు వీధి కూడా దాటడురా!"

ఇవాళ నాలుగో అంతస్తులో ఫైలు తీశారు. కొడుకును తల్లికి అప్పగించినట్టు అందులో ఉందట. కింద నా వేలిముద్ర.

వాణ్ణి పట్టుకుపోయిన మర్నాడు ఒక పోలీసు వచ్చి, నా కొడుకు టోపీ చేతికిచ్చాడు. "టోపీ అందినట్టు ముద్రెయ్యి, అవ్వా" అన్నాడు. చదువు రానిదాన్ని, వేశాను.

ఎలియోదోరో సిరా డబ్బా జరిపాడు. "ఇక ముద్రెయ్యి, అవ్వా."

తొమ్మిదేళ్లుగా నా నెత్తిమీదున్న టోపీ తీసి బల్లమీద పెట్టాను.

"వెయ్యను. టోపీ తిరిగిచ్చేశానని రాయి. అందినట్టు ఆ హోంమంత్రినే ముద్రెయ్యమను."